జర్మనీలో అద్దె ఇల్లు, నెదర్లాండ్స్‌లో అద్దె ఇల్లు: సంతకానికి ముందు ఎలా పోల్చుకోవాలి

జర్మనీలోని డ్యూసెల్డోర్ఫ్‌లో ఒక ఉద్యోగం, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఒక ఉద్యోగం వచ్చి, ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక ఫోను చేసే మనవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ టూ బీహెచ్‌కే అద్దె ఎంత ఉంటుందండీ?" ఈ ప్రశ్నకు ఒక అంకె చెప్పి ఊరుకుంటే వారికి మేలు చేసినట్లు కాదు. ఆ రెండు ఊళ్ళ మధ్య ప్రయాణం కారులో గంటన్నర లోపే అయినా, సరిహద్దుకు అటూ ఇటూ "అద్దె" అన్న మాటకు అర్థం మారిపోతుంది. ఇంట్లో ఏమేమి ఉంటాయి, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవన్నీ మారిపోతాయి. రెండు దేశాల్లోనూ కాపురం పెట్టి, రెండు చోట్లా కొంత డబ్బు పోగొట్టుకున్నాక నాకు కుదిరిన పద్ధతిని వరుసగా చెబుతాను. ప్రకటనలో ఉన్న అంకెలను కాక, ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఖాళీ చేసే నాటి వరకు నెలకు సగటున ఎంత పడుతుందో ఆ అంకెలను పోల్చుకోవాలి.

1. గదుల లెక్క సరిచూసుకోండి

జర్మన్ ప్రకటనలో రెండు "త్సిమ్మర్", అంటే రెండు గదులు, అని ఉంటే అది మన టూ బీహెచ్‌కే కాదు. హాలును కూడా వారు ఒక గదిగా లెక్కపెడతారు, వంటగదిని, స్నానాల గదిని లెక్కలోకి తీసుకోరు. అంటే రెండు త్సిమ్మర్ల ఇల్లు మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లే. మీకు టూ బీహెచ్‌కే కావాలంటే మూడు త్సిమ్మర్లని వెతకాలి. నెదర్లాండ్స్‌లోని డచ్చి ప్రకటనల్లో కూడా "కామర్" (గది) లెక్కలో హాలు కలిసే ఉంటుంది, "స్లాప్‌కామర్" అన్న మాట మాత్రమే పడకగదిని చెబుతుంది. ఈ చిన్న తేడా తెలియక రెండు దేశాల అద్దెలను పక్కపక్కన పెట్టి చూసినవారు, ఒకవైపు పెద్ద ఇంటిని ఇంకోవైపు చిన్న ఇంటితో పోల్చి, తప్పు నిర్ణయానికి వచ్చిన సందర్భాలు నేను చూశాను.

2. అద్దె అంకెను విప్పి చూడండి

జర్మనీలో ప్రతి ఇంటికీ రెండు అద్దెలు ఉంటాయి. "కాల్ట్‌మీటె" అంటే చల్లని అద్దె, గోడలకూ పైకప్పుకూ ఇచ్చేది. దానికి నీళ్ళు, చెత్త, మెట్ల శుభ్రత, భవనం బీమా వంటి "నేబెన్‌కోస్టెన్", మామూలుగా హీటింగ్ ఖర్చు కూడా కలిపితే "వార్మ్‌మీటె", అంటే వెచ్చని అద్దె వస్తుంది. కరెంటు, ఇంటర్నెట్ మాత్రం మీరు విడిగా కట్టుకోవాలి. కొన్ని ఇళ్ళలో ఫ్లాట్‌కు సొంత గ్యాస్ బాయిలర్ ఉంటుంది, అప్పుడు హీటింగ్ కూడా వార్మ్‌మీటెలో ఉండదు కనుక అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. వీటికి తోడు ఇంటికి ఒకటి చొప్పున నెలకు 18.36 యూరోల టీవీ, రేడియో ప్రసార రుసుము ఉంది. టీవీ లేకపోయినా అది కట్టాల్సిందే.

ఇంకొక సంగతి: నేబెన్‌కోస్టెన్‌గా మీరు నెలనెలా కట్టేది అంచనా సొమ్ము మాత్రమే. లెక్కల సంవత్సరం ముగిసిన 12 నెలల లోపు యజమాని అసలు లెక్క పంపాలి. ఎక్కువ వాడి ఉంటే ఆ తేడా మీరు కట్టాలి, తక్కువైతే మీకు తిరిగి వస్తుంది. వార్మ్‌మీటె తక్కువగా కనిపించడానికి ఈ అంచనాను కావాలని తగ్గించి చూపే యజమానులు ఉంటారు కనుక, కిందటి సంవత్సరపు లెక్క చూపించమని అడగండి.

నెదర్లాండ్స్‌లో అద్దెకు "సర్వీస్ కోస్టెన్", అంటే భవనం సేవల ఖర్చులు, కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. గ్యాసు, కరెంటు, నీళ్ళు చాలావరకు మీ పేరు మీదే కనెక్షన్ తీసుకుని కట్టుకోవాలి. దీనిపైన చెత్త పన్ను, నీటి బోర్డు పన్ను అని స్థానిక పన్నులు కొన్ని ఇంట్లో ఉండేవారి మీదే పడతాయి. ఇవి నెలనెలా రాక, ఒక్కసారిగా కవరులో వచ్చి కొత్తవారిని కంగారు పెడతాయి.

3. ఇంట్లో ఏముందో చూసి ధర కట్టండి

రెండు దేశాల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడే ఉంది.

జర్మనీలో వంటగది అన్నది చాలా ఇళ్ళలో ఖాళీ గది. మేము జర్మనీలో తీసుకున్న మొదటి ఇంట్లో పాలు పొంగిద్దామని గిన్నె, పాలు, పసుపు కుంకుమలు పట్టుకుని వెళ్ళాం. వంటగదిలో గోడలోంచి బయటికి వచ్చిన రెండు నీటి గొట్టాలు, స్టవ్వు కోసం వదిలిన ఒక తెల్లటి కరెంటు డబ్బా తప్ప ఇంకేమీ లేవు. సింకు లేదు, గట్టు లేదు, అల్మారా లేదు. పక్కింటి పెద్దావిడ మా చేతిలోని గిన్నె చూసి, విషయం అర్థం చేసుకుని, తన ఇంట్లోంచి ఒక చిన్న హాట్‌ప్లేట్ తెచ్చి ఇచ్చారు. దాన్ని నేల మీద పెట్టి పాలు పొంగించాం. ప్రకటనలో "ఐన్‌బావ్‌క్యూఖె" లేదా "ఈబీకే" అని ఉంటేనే అమర్చిన వంటగది ఉన్నట్లు. లేకపోతే మీరే కొనుక్కోవాలి, స్టవ్వు కలపడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఖాళీ చేసి వెళ్ళేవారు తమ వంటగదిని కొత్తవారికి అమ్మే ఆనవాయితీ కూడా ఉంది. ధర సబబుగా ఉంటే తీసుకోండి, మీరు వెళ్ళేటప్పుడు అదే విధంగా ఇంకొకరికి ఇచ్చి కొంత రాబట్టుకోవచ్చు.

నెదర్లాండ్స్‌లో వంటగది సాధారణంగా ఉంటుంది, నేల ఉండకపోవచ్చు. అక్కడ ఇళ్ళు మూడు రకాలు. "కాల్" అంటే బోసి ఇల్లు: అంతకుముందు ఉన్నవారు తమ లామినేట్ చెక్కలను, కర్టెన్లను, లైట్లను కూడా ఊడదీసుకుని వెళ్ళి ఉంటారు, మీరు తలుపు తీస్తే కనిపించేది సిమెంటు నేల. "ఖెస్టోఫేర్ట్" అంటే నేల, కర్టెన్లు, లైట్లు ఉంటాయి, మంచాలూ బల్లలూ ఉండవు. "ఖెమ్యూబిలేర్ట్" అంటే అన్ని సామాన్లతో ఇచ్చే ఇల్లు. రెండేళ్ళలోపు ఉండదలచినవారికి మధ్య రకం అనువైనదని నా అభిప్రాయం.

4. కాగితం మీద లెక్క వేయండి

కింది అంకెలు లెక్క చూపడానికి నేను తీసుకున్నవి మాత్రమే. మీ ప్రకటనల్లోని అంకెలను వాటి స్థానంలో పెట్టుకోండి.

జర్మనీలో కాల్ట్‌మీటె 900 యూరోలు, వార్మ్‌మీటె 1,150 అనుకుందాం. కరెంటు 60, ఇంటర్నెట్ 40, ప్రసార రుసుము 18 కలిపితే నెలకు 1,268 అవుతుంది. నెదర్లాండ్స్‌లో అద్దె 1,300, సర్వీస్ కోస్టెన్ 50, గ్యాసు కరెంటు 150, నీళ్ళు 15, ఇంటర్నెట్ 45, స్థానిక పన్నులు నెలకు 50 అనుకుంటే 1,610 అవుతుంది. ప్రకటనల్లో 400 యూరోలుగా కనిపించిన తేడా ఇప్పటికే 342కు దిగింది. ఇప్పుడు జర్మనీ ఇంటికి 2,400 యూరోలతో వంటగది కొన్నారనుకోండి. రెండేళ్ళు ఉంటే దాని భారం నెలకు 100, ఒక్క ఏడాదే ఉంటే నెలకు 200. ఏడాదికే ఖాళీ చేయవలసి వచ్చి, మూడు నెలల నోటీసు కారణంగా ఒక నెల రెండు ఇళ్ళకు అద్దె కట్టారనుకుంటే ఆ 1,150ని పన్నెండుతో భాగించి మరో 96 కలపాలి. అప్పుడు జర్మనీ ఖర్చు 1,564 అవుతుంది, రెండింటి మధ్య తేడా 46 యూరోలే మిగులుతుంది. నాలుగేళ్ళు ఉండేవారికైతే వంటగది భారం నెలకు 50, రెండు అద్దెలు పడే భారం 24 మాత్రమే కనుక జర్మనీ ఇల్లు చాలా నయంగా తేలుతుంది. ఎన్నాళ్ళు ఉంటారో ముందుగా నిర్ణయించుకోకుండా ఈ లెక్క వేయలేరని చెప్పడం నా ఉద్దేశం.

అడ్వాన్స్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. జర్మనీలో "కౌట్సియోన్" మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు, దానిని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. నెదర్లాండ్స్‌లో 2023 జూలై 1 నుంచి చేసుకున్న ఒప్పందాలకు రెండు నెలల మూల అద్దెకు (సర్వీస్ కోస్టెన్ కలపని అద్దెకు) మించి అడగకూడదు. ఏజెంటు కమీషన్ విషయంలో రెండు దేశాలూ అద్దెదారు పక్షానే ఉన్నాయి. జర్మనీలో 2015 జూన్ నుంచి ఏజెంటును ఎవరు పిలిచారో వారే ఫీజు ఇవ్వాలి. నెదర్లాండ్స్‌లో యజమాని తరఫున పనిచేసే ఏజెంటు మీ దగ్గర మధ్యవర్తి రుసుము తీసుకోకూడదు. "కాంట్రాక్టు ఫీజు" అనో "అడ్మినిస్ట్రేషన్ ఖర్చు" అనో పేరు మార్చి అడిగినా అది రుసుమే.

5. కాగితాలు సిద్ధం చేసుకోండి

జర్మనీలో మూడు నెలల జీతం స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం, పాస్‌పోర్టు, వీసా కాపీలు, అద్దెదారు వివరాల పత్రం, పాత యజమాని ఇచ్చే బాకీ లేదన్న ఉత్తరం, "షూఫా" అనే రుణ చరిత్ర నివేదిక అడుగుతారు. కొత్తగా దిగినవారికి షూఫాలో చరిత్రే ఉండదు, దానికి కంగారు పడవద్దు. ఉద్యోగ ఒప్పందంతో పాటు కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఒక ఉత్తరం జతచేసి, మీ కుటుంబం గురించి నాలుగు వాక్యాలు జర్మన్ భాషలో రాసి పంపండి. అన్నిటినీ ఒకే పీడీఎఫ్‌గా చేసి పంపినవారికి జవాబు తొందరగా వస్తుందని నా అనుభవం.

నెదర్లాండ్స్‌లో కాగితాలు తక్కువ, ఆదాయం మీద పట్టు ఎక్కువ. పన్నుకు ముందు జీతం నెల అద్దెకు మూడు రెట్లో అంతకన్నా ఎక్కువో ఉండాలని చాలామంది యజమానులు షరతు పెడతారు. కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ పత్రం ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

6. వెతకడం, చూడడం

జర్మనీలో ఇమ్మోబీలియన్‌స్కౌట్24, ఇమ్మోవెల్ట్, గదుల కోసమైతే వేగే-గెజూఖ్ట్, నెదర్లాండ్స్‌లో పరారియస్, ఫుండా, గదులకు కామర్‌నెట్ అనే వెబ్‌సైట్లు చూడవచ్చు. నెదర్లాండ్స్‌లో ప్రకటన పడిన గంటల్లోనే స్పందించాలి. జర్మనీలో అంత వేగం లేకపోయినా ఒకే ఇంటికి చాలామంది వరుసలో ఉంటారు. దేశంలో అడుగుపెట్టకముందే శాశ్వతమైన ఇల్లు ఖాయం చేసుకోవాలని ఆరాటపడకండి. మొదటి రెండు మూడు నెలలకు సామాన్లతో ఉన్న తాత్కాలిక ఇల్లు తీసుకోండి, అయితే ఆ చిరునామాలో పేరు నమోదు చేసుకోనిస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

యజమాని తాను వేరే దేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో పంపుతానని చెబితే అది మోసం. ఇల్లు కళ్ళతో చూడకుండా, మీరుగానీ మీరు నమ్మే మనిషిగానీ లోపలికి వెళ్ళకుండా ఒక్క యూరో కూడా పంపకండి. ఈ విధంగా కూతురి చదువు కోసం దాచిన డబ్బు పోగొట్టుకున్న ఒక తండ్రితో మాట్లాడిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇల్లు చూసేటప్పుడు స్నానాల గదిలోనూ పడకగది మూలల్లోనూ బూజు మరకల కోసం చూడండి, కిటికీలు తెరిచి మూసి చూడండి, వంటగదిలో పొగ బయటికి పోయే దారి ఉందో లేదో గమనించండి. రోజూ పోపు వేసే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పాత డచ్చి ఇళ్ళలో మెట్లు నిచ్చెనలా నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. పెద్ద సామాన్లు కిటికీలోంచి తాడుతో పైకి లాగడానికే ఇంటి ముందు పైభాగాన కొక్కెం కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు వచ్చి ఉండబోతున్నారంటే ఆ ఇంటిని వదులుకోవడమే మేలు.

7. అద్దె న్యాయమైనదో కాదో తేల్చుకోండి

చాలామంది ఈ పని చేయరు, ఇల్లు దొరికిందే చాలునని సంతకం పెట్టేస్తారు. కానీ రెండు దేశాల్లోనూ చట్టం మీకు ఒక కొలమానం ఇచ్చింది.

నెదర్లాండ్స్‌లో ప్రతి ఇంటికీ పాయింట్లు కడతారు. చదరపు మీటర్లు, ఇంటి ఇంధన పొదుపును చెప్పే లేబుల్, వంటగది, స్నానాల గది, మున్సిపాలిటీ కట్టిన విలువ అన్నిటికీ పాయింట్లుంటాయి. 2024 జూలై 1న వచ్చిన అందుబాటు అద్దె చట్టం ప్రకారం, ఆ తర్వాత చేసుకున్న ఒప్పందాల్లో 186 పాయింట్ల వరకు ఉన్న ఇంటికి ఆ పాయింట్లు నిర్ణయించిన అద్దెకు మించి వసూలు చేయకూడదు. 2025లో 186 పాయింట్ల ఇంటికి గరిష్ఠ మూల అద్దె 1,184.82 యూరోలు. కనుక యజమానిని పాయింట్ల పట్టిక అడగండి. "హ్యూర్‌కమిసీ" అనే అద్దె కమిషన్ వెబ్‌సైట్‌లో ఇంటి వివరాలు ఇచ్చి మీరే లెక్క వేసుకోవచ్చు. తేడా కనిపిస్తే ఇంట్లో చేరిన మొదటి ఆరు నెలల లోపే ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయిస్తారేమోనని మనవాళ్ళు వెనకాడతారు. 2024 జూలై నుంచి కొత్త ఒప్పందాలు, కొన్ని మినహాయింపులు తప్ప, కాలపరిమితి లేనివిగానే ఉండాలి కనుక యజమాని తన ఇష్టానుసారం పంపించలేరు.

జర్మనీలో ఇళ్ళ కొరత ఉన్నట్లు ప్రకటించిన ప్రాంతాల్లో కొత్త అద్దె అక్కడి సాధారణ అద్దె కన్నా 10 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదన్న నియమం ఉంది. దీనిని "మీట్‌ప్రైస్‌బ్రెమ్జె", అంటే అద్దె బ్రేకు అంటారు. 2029 చివరి వరకు దీనిని పొడిగించారు. 2014 అక్టోబరు 1 తర్వాత మొదటిసారి వాడుకలోకి వచ్చిన కొత్త ఇళ్ళకు ఇది వర్తించదు. నగరం ప్రచురించే అద్దెల పట్టిక "మీట్‌ష్పీగెల్" చూస్తే మీ వీధిలో చదరపు మీటరుకు సాధారణంగా ఎంత ఉందో తెలుస్తుంది. ఒప్పందంలో "ష్టాఫెల్‌మీటె" అని ఉంటే అద్దె ఏటేటా ఎంత పెరుగుతుందో ముందే రాసి ఉంటుంది. "ఇండెక్స్‌మీటె" అని ఉంటే ధరల సూచికతో పాటు పెరుగుతుంది. రెండూ లేని ఒప్పందంలో మూడేళ్ళలో 20 శాతానికి, కొరత ప్రాంతాల్లో 15 శాతానికి మించి పెంచకూడదు. సందేహం ఉంటే ఊళ్ళోని అద్దెదారుల సంఘం "మీటర్‌ఫెరైన్"లో సభ్యత్వం తీసుకోండి. వారు ఒప్పందం చదివి పెడతారు.

8. పేరు నమోదు, తలుపు మీద పేరు

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో నమోదు చేసుకోవాలి, దానికి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలకు మించి ఉండేవారు వచ్చిన ఐదు రోజుల్లో "ఖెమేంటె"లో, అంటే మున్సిపాలిటీలో నమోదు కావాలి. అక్కడిచ్చే బీఎస్ఎన్ అనే పౌర సేవా సంఖ్య జీతానికీ బ్యాంకుకూ ఆధారం. నమోదు కుదరదని చెప్పే ఇల్లు ఎంత చవకైనా తీసుకోకండి.

జర్మనీలో చిరునామాకు సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్టుమాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. మన పేర్లలో ఇంటిపేరు ముందో వెనకో వస్తుంది, భార్యాభర్తల పాస్‌పోర్టుల్లో ఇంటిపేర్లు వేరుగా ఉండవచ్చు. పాస్‌పోర్టులో ఉన్న చివరి పేర్లన్నీ డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా తాళాలు తీసుకున్న రోజే అంటించండి. లేకపోతే పన్ను సంఖ్య ఉత్తరం, బ్యాంకు కార్డు వెనక్కి వెళ్ళిపోతాయి. నెదర్లాండ్స్‌లో పోస్టల్ కోడ్, ఇంటి నంబరు చాలు, ఈ బెడద లేదు.

తాళాలు తీసుకునే రోజు గోడ మీది ప్రతి గీతనూ ఫోటో తీసి, మీటర్ రీడింగులతో సహా అప్పగింత పత్రంలో రాయించి, ఇద్దరూ సంతకాలు చేయండి.

9. వెళ్ళే దారి ముందే చూసుకోండి

జర్మనీలో అద్దెదారు నోటీసు మూడు నెలలు. ఆ నోటీసు నెలలో మూడో పనిదినం లోపు యజమానికి చేరాలి. ఫిబ్రవరి 3న చేరితే ఏప్రిల్ ఆఖరుకు ఒప్పందం ముగుస్తుంది, 10న చేరితే మే ఆఖరు దాకా అద్దె కట్టాలి. పైగా అది సంతకం చేసిన కాగితమే అయి ఉండాలి. నేను మొదటిసారి ఖాళీ చేసినప్పుడు ఈమెయిల్ పంపి, యజమాని మర్యాదగా జవాబు ఇచ్చారని నిశ్చింతగా ఉన్నాను. తర్వాతి నెలలో, ఆ ఈమెయిల్ నోటీసుగా చెల్లదని, ఉత్తరం రావాలని వారు చెప్పారు. చట్టం వారి వైపే ఉంది. ఇంకొక నెల అద్దె ఊరికే కట్టాను. ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఒప్పందంలో కొంతకాలం వరకు నోటీసు ఇచ్చే హక్కు వదులుకుంటున్నామన్న వాక్యం ఉందేమో కూడా చూడండి.

నెదర్లాండ్స్‌లో నెలనెలా అద్దె కట్టేవారికి నోటీసు ఒక నెల. కాకపోతే మొదటి పన్నెండు నెలలు వెళ్ళకూడదన్న షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది.

అడ్వాన్స్ తిరిగి రావడంలో డచ్చి చట్టం స్పష్టంగా ఉంది: 14 రోజులు, కోతలుంటే 30 రోజులు. జర్మనీలో చట్టం గడువు పెట్టలేదు. నేబెన్‌కోస్టెన్ లెక్క తేలే వరకు కొంత భాగం ఆపుకోవడం మామూలు, నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది. తర్వాతి ఇంటి అడ్వాన్స్ కోసం ఆ డబ్బు మీద ఆధారపడకండి.

10. ఒక దేశంలో ఉద్యోగం, ఇంకో దేశంలో ఇల్లు అనుకునేవారికి

జర్మనీలోని ఆఖెన్‌లో ఉద్యోగం చేస్తూ, సరిహద్దుకు అవతల నెదర్లాండ్స్‌లో ఉన్న వాల్స్‌లోనో హేర్లెన్‌లోనో ఉండవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఐరోపా సమాఖ్య పౌరులకు అది సులువు, రైలూ బస్సూ ఉన్నాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి జర్మనీ ఇచ్చిన నివాస అనుమతి జర్మనీలో నివసించడానికే. దానితో నెదర్లాండ్స్‌లో ఇల్లు తీసుకుని స్థిరంగా ఉండే హక్కు రాదు, అక్కడ ఖెమేంటె కౌంటరు దగ్గరే ఆగిపోతారు. అటువైపు అద్దె నచ్చినా ముందు ఆ దేశపు నివాస అనుమతి సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే ఇల్లు చూడడానికి అపాయింట్‌మెంట్ అడగండి.